చెక్కి ఉంచిన పెన్సిలు

కామాగారు కళ్ళజోడు తుడుచుకుని, ఫ్యాను గాలికి కాగితాలు ఎగిరిపోకుండా వాటి మీద ఇనపముక్క పెట్టి, ఎర్ర పెన్సిలు చెక్కడం మొదలుపెట్టారు. బ్లేడు కింద పొట్టు తెగకుండా ఒకే చుట్టగా రావాలి. మధ్యలో తెగితే ఆ రోజు అచ్చుతప్పులు దొర్లుతాయని ఆయన నమ్మకం. ఇవాళ మూడుసార్లు తెగింది. తెగదూ మరి! ముప్పై నాలుగేళ్ళ ఉద్యోగానికి ఇదే ఆఖరి రోజు.

ఆయనకు కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటుంది గానీ, హాజరు పట్టీలో తప్ప ఎక్కడా కనిపించదు. వారపత్రికకు ప్రూఫులు దిద్దీ దిద్దీ, మాట మధ్యలో ఆగి ఆగి మాట్లాడటం అలవాటై, కామాగారుగా స్థిరపడిపోయారు. సన్నటి మనిషి, వదులు చొక్కా, చెవి వెనక పెన్సిలు. పెళ్ళి చేసుకోలేదు. అన్నగారింట్లో ముందుగదిలో ఉంటారు. "మా మరిది పెళ్ళి మాటెత్తితే కామా పెడతాడు, ఆ తరవాత వాక్యం ఉండదు" అని వదినగారు ఇప్పటికీ దెప్పుతుంటారు.

తొమ్మిదిన్నరకి పేజీలు కట్టే అతను మెడ తుడుచుకుంటూ వచ్చాడు. వెనకే ప్రూఫు చదివే అమ్మాయి.

"బస్సులో కాలు పెట్టే చోటు లేదు బాబాయ్‌గారూ! అయినా నాకు సీటు దొరికింది. రోజూ దొరుకుతుంది, అదేం విచిత్రమో. అదృష్టమంటే నాదే" అన్నాడతను.

"సోమవారం నుంచి, కొత్త ఊళ్ళో కూడా, దొరకాలిగా" అన్నారు కామాగారు. అతనికి వేరే ఊళ్ళో పెద్ద పత్రికలో ఉద్యోగం వచ్చింది.

"దొరక్కేం!" అంటూ అతను పక్కగదిలో కంప్యూటరు ముందుకి వెళ్ళిపోయాడు. అమ్మాయి భుజానికున్న సంచి తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

అక్కడి పద్ధతి ఏమిటంటే, అమ్మాయి రచయిత రాసిన కాగితం చూస్తూ పైకి చదవాలి, కామాగారు అచ్చు ప్రతిలో వరస వెంట వేలు పోనిస్తూ సరిచూసుకోవాలి. ఒక్క చుక్క కూడా వదలకూడదు. "నన్ను విడిచి వెళ్ళకు కామా ప్రాణమా ఆశ్చర్యార్థకం" అని పప్పూ బియ్యం చీటీ చదివినట్టు చదివేస్తుంది. మొదట్లో కామాగారు నవ్వాపుకోలేక మంచినీళ్ళు తాగడానికి లేచిపోయేవారు. రెండేళ్ళలో ఆ గొంతంటే కన్నకూతురి గొంతంత ముద్దొచ్చేసింది.

మధ్యాహ్నం ఎడిటర్‌గారు ఒక కథ, దాని అచ్చు ప్రతి తెచ్చి బల్ల మీద పెట్టారు.

"ఎవరో కొత్తవాళ్ళు పోస్టులో పంపారు. కుర్రకారు ప్రేమకథ. బాగానే ఉంది గానీ, ప్రేమ అన్న మాటే ఎక్కడా లేదండీ! పాఠకులకి అర్థమవ్వాలని చివర ఒక వాక్యం నేను కలిపాను. మీకు వద్దనిపిస్తే కొట్టేయండి. ఇవాళ మీ మాట కాదనను. అయిదింటికల్లా పేజీ వెళ్ళిపోవాలి."

కామాగారు తెల్లబోయారు. తప్పులు దిద్దడమే గానీ, ఒకరు రాసిన వాక్యాన్ని కొట్టేసే సాహసం ఆయన పుట్టి బుద్ధెరిగాక చేయలేదు.

అమ్మాయి చదవడం మొదలుపెట్టింది. కథలో ఒక అమ్మాయి రోజూ బస్సులో పక్క సీటు మీద సంచి పెట్టుకుంటుంది. ఎవరడిగినా మనిషి ఉన్నారంటుంది. మూడో స్టాపులో ఒకతను ఎక్కగానే సంచి తీసి ఒళ్ళో పెట్టుకుంటుంది. అతను హమ్మయ్య అని కూర్చుని, తన అదృష్టం గురించి ఆమెకే చెబుతాడు. అంతే కథ. ప్రతి పేజీలోనూ ఆ సంచి వస్తుంది, వచ్చిన ప్రతిసారీ కాస్త బరువెక్కుతుంది. మనసు గురించి ఒక్క ముక్క లేదు.

రెండో పేజీ మధ్యలో కామాగారు తలెత్తారు. అమ్మాయి కాగితం వైపు చూడటం లేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ కామాలతో సహా అప్పజెబుతోంది. చివరి వాక్యానికి మాత్రం తల తిప్పి కాగితం చూసి చదవాల్సొచ్చింది. "ఆమె అతన్ని ప్రేమించింది కామా కానీ అతనికా సంగతి తెలియదు ఫుల్‌స్టాపు."

"ఈ ఒక్కటీ, నీది కాదు కదూ?"

అమ్మాయి మొహం కందిపోయింది. "ఎవరికీ చెప్పకండి బాబాయ్‌గారూ. దాన్ని కొట్టేయండి, మీకు పుణ్యముంటుంది. సంచి తీసిందంటే చాలదా? ఇంకా చెప్పాలా?"

"చదివేవాడికి, చాలు. మరి ఆ కూర్చునేవాడికో?"

"అచ్చులో చూసి తనే తెలుసుకుంటాడు."

"వాడా! వాడు అక్షరాల సైజు చూస్తాడు గానీ, అక్షరాలు చూస్తాడటే తల్లీ!"

ఆమెకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. "తెలుసుకోకపోతే పోనీయండి. సోమవారం ఎలాగూ వెళ్ళిపోతాడు" అంది పమిట చెంగుతో కళ్ళు ఒత్తుకుంటూ.

కామాగారు అచ్చు ప్రతి పక్కన పెట్టారు. తరవాత కళ్ళజోడు పెట్టె తెరిచి, అడుగున గుడ్డ కిందనుంచి ఒక ఎర్ర పెన్సిలు తీశారు. రంగు వెలిసింది గానీ మొన సూదిలా ఉంది.

"నీ కుర్చీలో, పూర్వం, ఒకావిడ చదివేది. రోజూ నేనొచ్చేసరికి, నా పెన్సిలు చెక్కి ఉండేది. నాలుగేళ్ళు. ఆఫీసువాళ్ళ ఏర్పాటేమో అనుకున్నాను, వెర్రివెధవని. ఆవిడ ఉద్యోగం మానేసి, పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయింది. వెళ్ళేరోజు రెండు చెక్కిపెట్టింది. ఒకటి వాడేశాను. అది మొద్దుబారితే, మళ్ళీ ఎవరూ చెక్కలేదు. అప్పుడు, తెలిసింది."

"ఆవిడ ఒక్కసారీ చెప్పలేదా?"

"లేదు. కథ మంచిదే. చదివినవాడే, మొద్దు."

ఆయన ఆ పెన్సిలుతోనే ఎడిటర్‌గారి వాక్యం మీద మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా నిదానంగా గీత గీశారు. 

"కథలో, చెప్పొద్దు. మనిషికి, చెప్పు. ఇవాళే చెప్పు."

కొట్టేసినదాన్ని పేజీలోంచి తీసేయాల్సింది పక్కగదిలో అతనే. కామాగారు ప్రూఫు ఆమె చేతికిచ్చారు. ఆమె గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి, సంచి భుజాన సర్దుకుని లోపలికి వెళ్ళింది.

కంప్యూటరు మీటల చప్పుడు కాసేపు వినిపించి ఆగిపోయింది. తరవాత అతని గొంతు, ఎన్నడూ లేనంత మెల్లగా. "ఏమండీ... అయితే నా సీటు...?"

ఆ పైన వినడం మర్యాద కాదు. కామాగారికి కళ్ళు చెమర్చాయి, గుండె తేలికపడింది. అయిదు కొట్టింది. ఆయన కళ్ళజోడు పెట్టె జేబులో వేసుకుని, గొడుగు తీసుకుని, చప్పుడు కాకుండా మెట్లు దిగిపోయారు.

వాళ్ళిద్దరూ ఆయన్ని వెతుక్కుంటూ బయటికి వచ్చేసరికి కుర్చీ ఖాళీగా ఉంది. అమ్మాయి చదివే చోట, ఇనపముక్క పక్కన, ముప్పై ఏళ్ళుగా ఎవరూ వాడని ఆ ఎర్ర పెన్సిలు ఉంది, మొన ఒక్క వాక్యం మేర అరిగి.