పోటీ సొరకాయ

వేసవి చివర తోటలో పని చేతినిండా ఉంటుంది. ఎండకు బెండకాయలు పీచెక్కి కూరకు పనికిరాకుండా పోయాయి. బంతిమొక్కలను కలుపు కమ్మేసింది. ఆ కలుపు అక్కా నేనూ పీకుతున్నాం. బావకు ఇవేవీ పట్టవు. ఊళ్లో పెద్ద కాయల పోటీ ఉందట, అందులో తన సొరకాయే గెలవాలట. దాని కింద దిండు పెట్టాడు, పైన గొడుగు కట్టాడు. కన్నబిడ్డలకు కూడా అంత సేవ చేసిన మనిషి కాదు. పాదు బలమంతా దానికే పోవాలని పిందెలన్నీ గిల్లి పారేస్తున్నాడు.

"ఆ రెండన్నా ఉంచండి, కూరకొస్తాయి" అంది అక్క.

"వద్దే, దాని బలం తగ్గిపోద్ది."

"దాని బలం సరే, పొయ్యి మీద ఏం పెట్టను? మీ బలమా?"

బావ ఆ రెండూ గిల్లేశాడు. అక్క వెళ్లి పెద్దకాయ తొడిమ పట్టుకుని మెలితిప్పసాగింది.

"ఒరేయ్ బావమరిదీ, నువ్వైనా చెప్పరా మీ అక్కకి!"

నెత్తి నెరిసిన మనిషి సొరకాయ కోసం ఏడుపు గొంతు పెట్టాడు. ముదురు తొడిమ చేత్తో తెగదు. కత్తి తెచ్చి అక్కకిచ్చాను.