నలుగురు బిచ్యాలు

ఆ రోజు మధ్యాహ్నం కంప్యూటర్ గదిలో ఏసీ చలికి చేతులు కొంకర్లు పోతున్నా రూప్లికి ఒళ్లు మండిపోతూనే ఉంది.

పాల్వంచ పక్క తండాలో పుట్టి, డిప్లొమా చదివి, ఆ ఫ్యాక్టరీలో ఆపరేటర్‌గా చేరి ఆరేళ్లయింది. తొంభై నాలుగు వేసవిలో కంపెనీ కొత్త యంత్రాలు తెచ్చింది. రెండు కంప్యూటర్లు, ఆ రెండూ కలిసి వాడుకునే ఒకే డిస్కుల బీరువా. పాత డిస్కుల్లోని ఫైళ్లన్నీ అందులోకి మార్చాలి. వాటిలో కాంట్రాక్టు కూలీల హాజరు కూడా ఉంది, మనిషికో ఫైలు చొప్పున. చెదలు పట్టిన రిజిస్టర్లు పారెయ్యకముందు వాటిని చూసి కంప్యూటర్లోకి ఎక్కించింది రూప్లే. వచ్చే నెల ఎవరిని పర్మనెంట్ చేయాలో తేల్చేవి ఆ ఫైళ్లే.

రెండు రోజులు కాపీ నడిచింది. ఒక్క ఎర్రర్ రాలేదు.

"ఇంక పాత డిస్కులు తుడిచెయ్యమ్మా. నాలుగింటికి బండొస్తుంది, వాపసు పంపాలి" అన్నాడు మేనేజర్ చెంచురామయ్య.

తుడిచే ముందు రూప్లి ఎందుకైనా మంచిదని లెక్క చూసింది. పాతదాంట్లో పదకొండు వందల నలభై హాజరు ఫైళ్లు. కొత్తదాంట్లో తొమ్మిది వందల ముప్పై ఒకటి.

"రెండొందల తొమ్మిది లేవు సార్."

"డూప్లికేట్లయ్యుంటాయిలే. మీవాళ్లందరివీ ఒకటే పేర్లు కదా!"

ఆ మాట ఆమెకు చురుక్కున తగిలింది. పళ్లు బిగబట్టి వెతికింది. పాతదాంట్లో బానోతు బిచ్యాలు నలుగురున్నారు. దేవ్లా కొడుకు, హీరాలాల్ కొడుకు, లచ్చిరాం కొడుకు, పూల్‌సింగ్ కొడుకు. కొత్తదాంట్లో ఒక్కడే. కొత్త డిస్కుల్లో ఫైలు పేరుకు పద్నాలుగు ఇంగ్లీషు అక్షరాలే పడతాయి. ఇంటిపేరు, పేరు రాసేసరికే అవి నిండిపోయి తండ్రి పేరు తెగిపోయింది. పేర్లు ఒకటైపోవడంతో ఒకరి ఫైలు మీద మరొకరిది వచ్చి కూర్చుంది. చివరికి మిగిలింది నిరుడు చేరిన పూల్‌సింగ్ కొడుకు. లచ్చిరాం కొడుకు బిచ్యా పదిహేడేళ్లుగా బొగ్గు మోస్తున్నాడు. అతను రూప్లి తండ్రి.

"డూప్లికేట్లు గాదు సార్, మనుషులు. గీ డిస్కులు తుడిస్తే ఆళ్లు పనిచేసినట్టే ఉండదు."

"బండి టైమైంది. చెప్పింది చెయ్."

"అయితే కాగితం మీద రాయుండ్రి. గిన్ని ఫైళ్లు లేవని తెలిసే తుడిపిస్తున్నా అని రాసి సంతకం పెట్టుండ్రి. గిప్పుడే తుడుస్త."

"నాకే ఎదురు చెబుతున్నావా?"

"అవ్ సార్, చెప్తున్న. మీ ఇంటిపేరోళ్లందర్నీ ఒక్క మనిషి కింద రాస్తే ఊకుంటరా?"

చెంచురామయ్య ముఖం కందగడ్డయింది. కాగితం మాత్రం ముట్టలేదు. రూప్లి కీబోర్డు ముందు నుంచి లేవలేదు. ఐదున్నరకు బండి ఖాళీగా వెళ్లిపోయింది.

తర్వాత మూడు రోజులు ఆమె ప్రతి ఫైలుకూ పేరు తీసేసి గేట్‌పాస్ నంబరు పెట్టింది. మళ్లీ కాపీ చేసింది. ఒక్కొక్కటే తెరిచి పాతదాంతో సరిచూసింది. పదకొండు వందల నలభై వచ్చాకే పాతవి తుడిచింది. మరుసటి నెల పర్మనెంట్ లిస్టులో తండ్రి పేరు కనబడింది. అదే వారం, పై అధికారి మాట వినలేదని ఆమెకు మెమో కూడా వచ్చింది.

మెమో చూసి బిచ్యా భయపడ్డాడు. "సార్‌తోని గింత లొల్లి ఎందుకు బిడ్డా?"

"నువ్వు మోసిన బొగ్గు డూప్లికేటట బాపూ! ఊకోమంటవా?" అని అరిచింది. ఆయన తల దించుకున్నాడు. తండ్రి మీద అరిచినందుకు ఆమెకు ఇంకా కోపం వచ్చింది.

నెలాఖరు మీటింగులో చెంచురామయ్య లేచి, ఒక్క ఫైలు కూడా పోకుండా తన సెక్షన్ పని పూర్తి చేసిందని చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. రూప్లి కుర్చీ వెనక్కి తోసి, అందరూ చూస్తుండగానే బయటికి నడిచింది.