నాలుగంగుళాలు

"మలుపుల కాడ గీ డబ్బాలు తలకాయల మీద పడితే ఎట్ల, కొండల్ తమ్మీ? ఇంకో గడియ కొట్టరాదు?" యాదవ్వ సొరుగును లాగి చూసి, మళ్ళీ తోసింది.

"డబ్బాలు పడయక్కా. నీ నోరు పడుకుంటె సాలు," అన్నాడు వడ్రంగి కొండల్, పెదాల మధ్య స్క్రూలు తీయకుండానే.

కరీంనగర్‌లో పద్మలత వాళ్ళ ఇంటి ముందు, ఊళ్ళు తిరగడానికి కొన్న పాత టెంపో వ్యానులో పదిరోజులుగా వంటగది లేస్తోంది. ఆ ఇంట్లో పదకొండేళ్ళుగా వండుతున్న యాదవ్వే ఏది ఎక్కడుండాలో చెప్పింది. బరువైన బియ్యం, పప్పులు కింది సొరుగుల్లో. ఉప్పు, కారం, పసుపు చేతికందే అరలో. అర అంచున డబ్బాలు జారకుండా చెక్కపట్టీ. స్టీలు డబ్బాలు తగులుకుని మోగకుండా మధ్యమధ్య పాత చీర పీలికలు కుక్కింది. చిన్న గ్యాసు బండను బెల్టుతో కట్టించాక కూడా మూడుసార్లు వంగి వాసన చూసింది. పొయ్యి గట్టుకు కొలత ఆమె మోచెయ్యే. "వండేది నువ్వే గదా, నీ ఎత్తుకే కొడుత," అని కొండల్ టేపు పట్టిన రోజే ఆమెకు టికెట్టు కొట్టినట్టయింది.

బండి ఈ రోజు జైనూర్ మీదుగా ఆదిలాబాద్ పోతుంది. జైనూర్‌లో ఆమె కూతురు నవత ఉంది. ఏడు నెలల కింద కాన్పుకు తల్లి రాలేదని మాట మానేసింది. ఇంట్లో చుట్టాలున్నారని పద్మలత సెలవియ్యలేదంటే నమ్మలేదు. నిన్న యాదవ్వ ఫోనులో మాట రికార్డు చేయించి పంపింది: "రేపు పచ్చ బండ్ల వస్తున్న బిడ్డా. రోడ్డు మీదికి రా, పిల్లగాన్ని చూస్త." విన్నట్టు గుర్తు పడింది, జవాబు మాత్రం రాలేదు. పిల్లగాడికి ఏమన్నా అయిందేమో, చెప్పలేక ఊరుకుందేమో.

పది గంటలకు యజమానురాలు పద్మలత వ్యానెక్కి గట్టును తేరిపార చూసింది.

"కొండల్, దీన్ని నాలుగంగుళాలు లేపు. నవీన పొడుగుంటది."

నవీన మొన్ననే పనికి కుదిరిన పిల్ల.

"ఇగ యాదవ్వకు స్టూలే దిక్కు," అని నవ్వాడు పద్మలత భర్త అరుణ్‌కుమార్.

"ఏస్కుంట సారూ. చిన్న స్టూలు ఏస్కుంట," అంది యాదవ్వ గబగబా.

కొండల్ తల వంచుకుని గట్టు కాళ్ళ కింద చెక్కముక్కలు బిగించాడు.

పద్మలత ఫోను పైకెత్తింది. "జర దిగుండ్రి, వీడియోల పడుతుండ్రు."

యాదవ్వ, కొండల్ దిగి చక్రం పక్కన నిలబడ్డారు. లోపలి నుంచి పద్మలత గొంతు తియ్యగా వినిపించింది: "ఫ్రెండ్స్, ఈ కిచెన్ మొత్తం మా చేతులతో మేమే కట్టుకున్నాం!"

పన్నెండుకు నవీన సంచితో ఎక్కింది. యాదవ్వ తన సంచి అందుకోబోతుంటే పద్మలత ఆమె చేతిలో ఇంటి తాళాలు, గోలీల పట్టీ పెట్టింది.

"అత్తమ్మకు మూడు పూటలు ఏయాలె, మర్వకు. నువ్వుంటే మాకు ఫికర్ ఉండది."

"అమ్మా, జైనూర్ల నా బిడ్డ..."

"వచ్చే నెల బస్సుల పోదువు తియ్యి."

వ్యాను గుంతలో దిగి, లేచి, వీధి మలుపు తిరిగింది. ఒక్క డబ్బా మోగలేదు.

యాదవ్వ నవతకు ఆరుసార్లు ఫోను చేసింది. ఎత్తలేదు. మంచంలోని పద్మలత అత్త శంకరవ్వకు నీళ్ళు తాగించింది, పక్క మార్చింది. నవత చంకలో పిల్లగాడితో రోడ్డు మీద నిలబడితే లారీలు దగ్గరగా పోతాయి. ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా వాకిట్లోకి వచ్చి నిలబడింది.

ఐదు గంటలకు ఫోను మోగింది.

"బండి ఆపిన," అంది నవత. "నువ్వు లేవు."

"నన్ను తోల్కపోలే బిడ్డా. ముసలామెకు గోలీలేసే దిక్కు లేదని ఇడిసిపోయిండ్రు. పిల్లగాడు మంచిగున్నడా? ఎండకు జరం గిట్ట రాలే గదా?"

అవతల బస్సు ఆగి, కదిలిపోయిన చప్పుడు. పసివాడు దేన్నో చూసి ఊ కొడుతున్నాడు. పెట్టేసిందేమోనని యాదవ్వ రెండుసార్లు ఫోనును చెవి నుంచి తీసి చూసింది.

"పిల్లగాడు మంచిగనే ఉన్నడు. గోలీకి టైమయింది గావచ్చు," అంది నవత. "పోయి ఏయి, అవ్వా."