ఆల్ఫ్రెడ్డు బూట్లు

ధవళేశ్వరం ఆనకట్ట కట్టి ముప్ఫై ఏళ్ళు దాటిన రోజుల్లో, నరసాపురానికి దిగువన, గోదావరి పాయ ఇక సముద్రంలో పడబోతుందనగా ఉండే ఒక పల్లెకి ఇంగ్లీషు సీమ నుంచి పెట్టె వచ్చింది. మిషను దొరసానిగారు దాన్ని విప్పి, పాత చొక్కాలు, దువ్వెనలు, బొమ్మల కాగితాలు బడిపిల్లలకి తలా ఒకటి పంచింది. పదిహేనేళ్ళ అబ్బులుకి ఒక జత బూట్లొచ్చాయి. ఆవిడ మంచి మనసుతోనే ఇచ్చింది, కాదనను. కానీ ఆ రోజు నుంచీ పల్లెలో ఒక్కడి చెవికీ సుఖం లేదు.

బూట్లు రెండంగుళాలు పెద్దవి. అబ్బులు వాటిలో కొబ్బరి పీచు కూరాడు. కూరి, బడి వసారాలో ఇటుకల మీద టకటకమని ఆ చివరి నుంచి ఈ చివరికీ, ఈ చివరి నుంచి ఆ చివరికీ ఒకటే నడక. ప్రార్థన గదిలోకి చెప్పులతో వెళ్ళకూడదు కదా, దానికీ ఉపాయం కనిపెట్టాడు. గడప మీద కూర్చుని, ఒళ్ళు లోపల, కాళ్ళు బయట పెట్టి పాటలు పాడేవాడు. ఇంత తెలివి లెక్కల్లో చూపించి ఉంటే ఎంత బాగుండేదో!

అసలు సంగతేమిటంటే, వాడు పీతల సత్తియ్య కొడుకు. సత్తియ్య బురదలో దిగి కాలివేళ్ళతో తడిమి, పీత ఏ బొరియలో ఉందో ఇట్టే చెప్పేవాడు. ఆ విద్య కొడుక్కీ అబ్బింది. అబ్బినందుకే వాడికి తల కొట్టేసినట్టుండేది. బడిలో అందరూ "ఒరే పీతా" అని పిలిచేవాళ్ళు. బూట్లొచ్చాక ఆ పిలుపు పోయి "బూటుదొర" వచ్చింది. అదీ వెక్కిరింతేనని వాడికి తెలుసు పాపం. అయినా పీత కంటే దొర నయం కదా!

బూటు లోపల సిరాతో ఏదో రాసి ఉంటే పంతులుగారు చదివి, "ఆల్ఫ్రెడ్. ఇవి తొడుక్కున్న కుర్రాడి పేరు" అన్నారు. అంతే, అబ్బులు ఆ మాట పట్టేసుకున్నాడు.

ఆ నెలలోనే బాప్తిస్మాలు. ఇవ్వడానికి రాజమహేంద్రవరం నుంచి జెకర్యా అయ్యగారు పడవలో వచ్చారు. బాప్తిస్మం పుచ్చుకునేవాళ్ళు కొత్త పేరు పెట్టుకోవడం అక్కడి ఆనవాయితీ. అబ్బులు మేనత్త కూతురు లోవమ్మ రూతు అన్న పేరు ఎంచుకుంది. తరవాత వీడి వంతు.

"నీకేం పేరు కావాలిరా?"

"ఆల్ఫ్రెడ్డండి."

"బైబిల్లో ఎక్కడుందిరా ఆ పేరు?"

"బూట్లో ఉందండి."

పిల్లలు పడీ పడీ నవ్వారు. అయ్యగారు మాత్రం నవ్వలేదు. "అబ్బాయీ, దేవుడు పిలిచేది నిన్నా, నీ బూట్లనా? రేపు నీళ్ళల్లో నిలబెట్టి అడుగుతాను, నువ్వెవరివని. జవాబు తిన్నగా వస్తే సరేసరి. రాకపోతే ఈ ఏడాదికి గట్టు మీదే కూర్చో" అన్నారు.

అబ్బులుకి నిద్ర పట్టలేదు. బాప్తిస్మం కావాలి. అందులో నటనేమీ లేదు, వాడికి యేసుప్రభువంటే నిజంగానే ప్రాణం. కానీ అబ్బులుగా ములిగి అబ్బులుగానే లేస్తే బతుకంతా పీతే. అది తలుచుకుంటే ఏడుపొచ్చింది.

మర్నాడు పొద్దున్నే అందరూ తెల్లబట్టలతో ఏటిగట్టుకి చేరారు. నీళ్ళు చూసి సత్తియ్య బుర్ర గోక్కున్నాడు.

"అయ్యగారండీ, పాటు మీదుందండి. నీళ్ళు లాగేసి అంతా బురదేనండి. పోటెక్కేదాకా ఆగుదామండి."

"యేసుప్రభువు యోర్దాను ఏట్లో పోటూ పాటూ చూసుకునే దిగారా సత్తియ్యా?" అని అయ్యగారు చేతికర్ర పట్టుకుని చరచరా దిగిపోయారు. రాజమహేంద్రవరంలో రేవుకి మెట్లుంటాయి. పాపం, మెట్లు లేని గోదావరిని ఆయన ఎప్పుడు చూశారు గనక!

లోవమ్మ తేలిగ్గా వెళ్ళి, ములిగి, రూతై వచ్చేసింది. అబ్బులు బూట్లతోనే బయల్దేరాడు.

"బావా, బూట్లకి కూడా బాప్తిస్మం ఇప్పిస్తావేంటి?" అంది లోవమ్మ జుట్టు పిండుకుంటూ.

"నోర్ముయ్యవే!" అని వాడు దిగాడు. మొదటి అడుగు బాగానే పడింది. రెండోది చీలమండ దాకా దిగింది. నాలుగో అడుక్కి రెండు కాళ్ళూ మోకాళ్ళ దాకా కూరుకుపోయి, పాతేసిన గుంజలా నిలబడిపోయాడు.

అయ్యగారు నడుం లోతులోంచి అడిగారు: "నువ్వెవరివిరా?"

"ఆ... ఆల్ఫ్..."

"వినపళ్ళేదు!" అని ఆయన ఒక అడుగు ఇటు వేశారు. సరిగ్గా అక్కడే గొయ్యి. ఆయన పక్కకి ఒరిగి బుడుంగున ములిగారు. పైకి కర్ర ఒక్కటే కనబడింది.

గట్టు మీద గగ్గోలు. సత్తియ్య దూకాడు గానీ అంత దూరం నుంచి ఎప్పటికి చేరతాడు! అబ్బులు కాళ్ళు గుంజాడు, బూట్లు రాలేదు. ఇంకా గట్టిగా గుంజాడు. పీచూ బూట్లూ అడుగునే ఉండిపోయి, కాళ్ళు మాత్రం జర్రున బయటికొచ్చాయి. వేళ్ళకి బురద తగిలేసరికి ఎన్నాళ్ళకో ఇంటికొచ్చినట్టయింది. ఎక్కడ గట్టినేలో, ఎక్కడ గొయ్యో పాదాలే చెప్పాయి. తండ్రి నేర్పినట్టు పక్కవాటుగా, అచ్చం పీతలాగే నడిచి వెళ్ళి, అయ్యగారి చంకల్లో చేతులేసి పైకి లేపాడు.

ఆయన నీళ్ళు కక్కారు. కళ్ళ నిండా బురద. "ఎవరూ? ఎవర్రా అది?" అని తడుముకున్నారు.

"అబ్బుల్నండి! పీతల సత్తియ్యగారబ్బాయినండి! భయపడకండి, నన్ను పట్టుకోండి!"

అరిచాక గానీ తనేమన్నాడో వాడికే తెలియలేదు. అయ్యగారికి తెలిసింది. కళ్ళు తుడుచుకుని, దగ్గి, వాడి భుజం గట్టిగా పట్టుకుని, "తిన్నగా చెప్పావురా" అన్నారు. అక్కడికక్కడే అబ్బులన్న పేరుతోనే ముంచి లేపారు.

"ముందు అయ్యగార్ని ముంచి లేపింది మా బావేనండోయ్!" అని గట్టు మీద నుంచి కొత్త రూతు కేకేసింది. ఈసారి అందరికంటే పెద్దగా నవ్వింది అయ్యగారే. సత్తియ్య మాత్రం నవ్వలేదు. నడుం లోతు నీళ్ళలో నిలబడి, కొడుకు తన పేరు చెప్పి అరిచినందుకు భోరున ఏడ్చాడు.

మూడో రోజు పాటు చూసుకుని తండ్రీ కొడుకులు బూట్ల కోసం వెళ్ళారు. ఒకటి దొరకనే లేదు. దొరికినదానిలో సిరా రాత మొత్తం చెరిగిపోయి, ఇంత లావు పీత ఒకటి కాపురం పెట్టి డెక్కలెత్తి చూస్తోంది.

"లాగనా?" అన్నాడు సత్తియ్య.

"వద్దు నాన్నా. దానికి సరిగ్గా సరిపోయింది" అని అబ్బులు బూటుని మళ్ళీ బురదలోనే పెట్టేశాడు.

సోమవారం బడికి వట్టికాళ్ళతో వెళ్ళాడు. వెనక నుంచి ఎవడో అలవాటు కొద్దీ "ఒరే పీతా!" అని కేకేశాడు.

అబ్బులు ఆగి, వెనక్కి తిరిగి, "ఏంట్రా?" అన్నాడు నవ్వుతూ.