రంగు పూసిన చక్రాలు

ఆమెకు అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే: వెళ్తున్న కారుకు చక్రం ఊడిపోవడం, ఆ సమయంలో లోపల తనవాళ్లెవరైనా ఉండడం.

అందుకే ఆదివారం భర్త వాకిట్లో చక్రాలు బిగిస్తుంటే చంటిపిల్లను చంకనెత్తుకుని పక్కనే నిలబడింది. తమ కారువీ, ఆడపడుచు కారువీ చక్రాలన్నీ విప్పి, తుప్పు గోకి, నల్లరంగు వేశారు. ఆ రంగు పని ఆమెది. గేటుకు వేయగా మిగిలిన డబ్బాను పారేయడానికి మనసొప్పక, నట్లు కూర్చునే గుంటలు కూడా వదలకుండా రెండు పూతలు పట్టించింది.

"నట్లు ముందు చేత్తో తిప్పారా?"

"తిప్పాను."

"పక్కపక్కవి కాదంట. ఎదురెదురువి బిగించాలంట."

"నీ మాట వింటే ఈ బండిని ఇంట్లోనే ఉయ్యాల చేసుకోవాలి తల్లీ," అన్నాడతను. అన్నాడే గాని, అలాగే బిగించాడు. జాకీ దించి, చక్రాలు నేలకానాక, ఒంటి బరువంతా స్పానరు మీద మోపి ఆఖరి బిగింపు పూర్తి చేశాడు.

"మా మరదలు దగ్గరుండి చూసిందంటే ఇక దేవుడొచ్చి లాగినా ఊడవురా," అని ఆడపడుచు నవ్వింది.

ఇవాళ తెల్లారగానే ఆడపడుచు తన కారులో కూతుర్ని కాలేజీలో దింపడానికి కొండదారిన బయల్దేరింది. తర్వాత అతను, పెళ్లాం పోరు పడలేక, తమ కారు నట్లను మరోసారి పరీక్షించాడు. స్పానరు తేలిగ్గా తిరిగింది. రెండో నట్టూ అంతే.

"ఆ రోజు గట్టిగా బిగించలేదా?"

"నువ్వు చూశావుగా."

ఒక నట్టు ఊడదీసి, గుంటలో వేలు పెట్టాడు. నలిగిన రంగు పొరలుపొరలుగా వేలికి అంటుకుంది.

"ఇనుము మీద ఇనుము కూర్చోవాలి. మధ్యన ఇదుంది. బండి తిరిగేకొద్దీ ఇది నలిగి పల్చబడుతుంది, నట్టు వదులవుతుంది."

వేలు గుడ్డకు తుడుచుకుని, పక్క నట్టు విప్పసాగాడు. నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది ఆమెకు.

"వదిన బండికీ నేనే పూశానండీ," అంది చివరికి.

వదిన ఫోను మోగి మోగి ఆగిపోయింది. కూతురి ఫోను స్విచాఫ్. బండి నడిపేటప్పుడు ఫోను ముట్టుకోనని వదిన చేత ఒట్టు వేయించుకున్నది తనే. వదిన మాట తప్పే మనిషి కాదు.

అతను వెంట వెళ్లాలన్నా ముందు ఈ నాలుగు చక్రాలూ విప్పి, రంగంతా గోకి, మళ్లీ బిగించుకోవాలి. వైరు బ్రష్షు చప్పుడుకు పిల్ల లేచి ఏడుస్తోంది. ఆమె ఒక చేత్తో జోకొడుతూ, రెండో చేత్తో మళ్లీ అదే నంబరు నొక్కుతోంది.

ఆ కొండదారిన మీరెవరైనా వెళ్తుంటే కాస్త కనిపెట్టి చూడండి. తెల్లకారు, నల్లగా మెరిసే చక్రాలు, నడుపుతున్నది కళ్లజోడు పెట్టుకున్న ఆవిడ, పక్కన కూతురు. మెల్లగా పక్కకు ఆపించి, నట్లు చూసుకోమనండి. మరదలు చెప్పమందంటే ఆగుతుంది.