రెండువందల పదమూడో నొక్కు

"ఆవిడ నిద్రపోయింది. అంతకు మించి ఇందులో ఏముంది? సంతకం పెట్టు" అన్నాడు మా మేనేజరు, కాగితం నా ముందుకు తోస్తూ.

కాగితంలో ఉన్నవి రెండే వాక్యాలు. నీళ్ల ట్యాంకు దగ్గర పంపును నడపడానికి మా కంపెనీ పెట్టిన కంట్రోలర్‌లో ఏ లోపమూ లేదని ఒకటి. ప్రమాదం జరిగిన మధ్యాహ్నం ఆపరేటరు స్టాప్ బటన్ నొక్కినట్టు మిషన్ రాసుకునే చిట్టా అయిన లాగ్‌లో లేదని రెండోది. ఆ కంట్రోలర్ లోపల నడిచే యూనిక్స్ తరహా మూల ప్రోగ్రామును, అంటే కెర్నల్‌ను చూసుకునేది నేనే కాబట్టి సంతకం నాదే కావాలి. ఆ రోజు ట్యాంకు నిండినా పంపు ఆగలేదు. పొంగిన నీళ్లు పక్క ఆసుపత్రి మందుల గదిలోకి వెళ్లాయి. ఎవరి మెడకో ఒకరి మెడకు చుట్టాలి కదా, పంపు అక్క దొరికింది.

అందరూ పంపు అక్క అని పిలిచే ఆవిడ పంతొమ్మిదేళ్లుగా ఆ డ్యూటీలో ఉంది. "నొక్కానండీ, వేలు నొప్పి పుట్టేదాకా నొక్కాను" అని మొదటి రోజు నుంచీ ఒకటే మాట. ఆవిడను సస్పెండ్ చేశారు. గురువారం విచారణలో మా కాగితం చదివితే ఉద్యోగం పోయినట్టే.

"లాగ్‌లో లేనంత మాత్రాన జరగలేదంటే ఎలా? లాగ్ రాసేదే కెర్నల్. అదే మూర్ఛపోతే ఇంకెవరు రాస్తారు?" అన్నాను.

"నీకు ప్రతిదానికీ ఏదో ఒక వంక. గురువారం దాకా టైముంది, ఆలోచించుకో."

నాకు ఒళ్లు మండింది. కాగితం అక్కడే వదిలేసి నా బల్ల దగ్గరికి వచ్చేశాను.

ముందు ల్యాబ్‌లో అలాంటి కంట్రోలర్‌నే నడిపి, ఎక్కడ ఆగుతుందో తెలియడానికి కోడ్‌లో అడుగడుగునా ఒక మెసేజ్ ప్రింటయ్యేలా పెట్టాను. అంతే, బుద్ధిమంతుడిలా నడిచింది. మెసేజ్ రాయడానికి పట్టే ఆ కాస్త సమయానికే లోపం పక్కకు తప్పుకుంటుంది. మెసేజ్‌లు తీసేసినా రోజంతా ఆగలేదు. పంతంలో నన్ను మించిపోయింది.

ఇక మిగిలింది ట్యాంకు దగ్గరి కంట్రోలరే. ప్రమాదం రోజు తనంతట తానే రీస్టార్ట్ అయ్యే ముందు అది మెమరీలో ఉన్నదంతా ఒక ఫైల్లో దాచిపెట్టింది. ఆ ఫైల్‌ను ఎవరూ తెరవనైనా తెరవలేదు. బుధవారం పొద్దున్నే నేను తెరిచాను.

బటన్ నొక్కగానే ప్రాసెసర్ చేస్తున్న పని వదిలేసి కెర్నల్ గుమ్మంలోకి వస్తుంది. గుమ్మం దగ్గరే నొక్కుల లెక్కలో ఒకటి పెరుగుతుంది. తర్వాత లోపలికి వెళ్లి, ఒకసారికి ఒక్కరికే దొరికే తాళం తీసుకుని, లాగ్‌లో రాసి, పంపు ఆపుతుంది. లాగ్‌లో అప్పటిదాకా మొత్తం రెండువందల పన్నెండు నొక్కులున్నాయి. గుమ్మం దగ్గరి లెక్క చూశాను. రెండువందల పదమూడు.

కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఆ ఒక్క నొక్కు పంపు అక్కది. లోపలికి వచ్చింది, తాళం దొరకలేదు, అక్కడే ఇరుక్కుపోయింది. దాని వెనక ఆవిడ ఎన్నిసార్లు నొక్కినా పలికే నాథుడు లేడు.

మరి తాళం ఎవరి దగ్గరుంది? మా ఆడపడుచు ఫోను పట్టుకుని బాత్రూంలో దూరి గడియ పెట్టుకుంటే ఇంటిల్లిపాదీ బయట పడిగాపులు కాయాల్సిందే. ఇక్కడా అదే జరిగింది. నీటిమట్టం చదివే ఒక కోడ్ ముక్క, మా భాషలో ఫంక్షన్, ఆ తాళం తీసుకుని, లోపలికెళ్లాక కాస్త మెమరీ కావాలని అడిగింది. మామూలుగా వెంటనే దొరుకుతుంది. ఆ రోజు దొరకలేదు. దొరికేదాకా నిద్రపోయింది. కెర్నల్‌లో దీన్ని నిద్ర అనే అంటారు. తాళం చేతిలో ఉండగా నిద్రపోకూడదన్నది ఈ పనిలో మొదటి నెలలోనే నేర్చుకునే పాఠం. నిద్రపోయినవాడు లేవాలంటే ప్రాసెసర్ కావాలి. ప్రాసెసరేమో తాళం కోసం వాడి గుమ్మంలోనే నిలబడి ఉంది.

ఏ వెధవ రాశాడురా ఇది అని కోడ్ చరిత్ర తీశాను. నేనే. నాలుగేళ్ల కిందట. పైన నా చేత్తోనే రాసుకున్న గమనిక కూడా ఉంది: "ఇక్కడ నిద్రపోకూడదు."

సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. నా నిద్రను ఇన్ని రోజులుగా ఆవిడ మోస్తోంది.

మేనేజరుకు చూపించాను. ఆయన ముఖం విప్పారింది. "ఇంకా నయం, నువ్వే చూశావు. నోరు మూసుకుని సంతకం పెట్టు. నీ తప్పని ఎవరికీ తెలియదు."

"నాకు తెలుసు కదండీ."

"ఉద్యోగం పోతుంది."

"ఇద్దరిలో ఒకరిది పోవాల్సిందే అయితే తప్పు చేసినవాళ్లదే పోనివ్వండి" అన్నాను.

విచారణ గదిలో పొడవాటి బల్లకు అటు ముగ్గురు అధికారులు, ఇటు చివర పంపు అక్క. మేనేజరు వద్దని సైగలు చేస్తుంటే చూడనట్టు లేచాను. "ఆ మధ్యాహ్నం నిద్రపోవడం నిజమే" అని మొదలుపెట్టగానే ముగ్గురూ పంపు అక్క వైపు తిరిగారు. "అటు కాదు, ఇటు చూడండి. నిద్రపోయింది నేను రాసిన కోడ్" అన్నాను. రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూపించాను. ఆ ఫంక్షన్ కింద నా పేరు కూడా చూపించాను.

అందరికంటే ముందు పంపు అక్కే అడిగింది.

"అయితే నేను నొక్కానని ఆ మిషన్‌కి మొదటి రోజు నుంచీ తెలుసా అమ్మా?"

"తెలుసక్కా."

ఆవిడ బల్ల అవతలి వాళ్ల వైపు తిరిగింది. "మరి ఇరవై రోజులుగా నన్నెందుకు అడిగారండీ, దాన్ని అడక్కుండా?"

పెద్ద అధికారి ఫైలు మూసేశాడు. "సరేనమ్మా, రేపట్నుంచి డ్యూటీకి రా. ఇక వెళ్లు."

పంపు అక్క కదల్లేదు. "నిద్రపోయానని కాగితం మీద రాశారు. పోలేదని కూడా కాగితం మీదే రాయండి. అప్పుడు లేస్తాను."

మేనేజరు నన్ను బయటికి రమ్మని పిలుస్తున్నాడు. నేను కుర్చీ లాక్కుని ఆవిడ పక్కన కూర్చున్నాను.