చంద్రవ్వ పొయ్యి పొగ

చంద్రవ్వ పొయ్యి పొగ మీదికి పోయేది కాదు, రోడ్డు పట్టుకొని పోయేది.

తాండూరు నుంచి ధారూర్ పోయే తొవ్వలో, రేకుల కొట్టం కింద ఆమె రొట్టెల పొయ్యి. పొద్దున్నే కందికట్టె అంటించి పెనం పెట్టగానే పొగ కొట్టం దాటి, మనిషి నడుమెత్తున తేలుతూ, ఆకలితో వస్తున్నవాళ్లకు ఎదురుపోయేది. తాండూరు దిక్కు పోతే రాతిగనుల కూలీలు వస్తున్నట్టు. చేల మీదుగా కోట్‌పల్లి దిక్కు మళ్లితే గొర్రెల కాపరులు వస్తున్నట్టు. సన్నగా ఉంటే ఒకరు, లావుగా ఉంటే పదిమంది. చంద్రవ్వ తలెత్తి చూసి, దాన్నిబట్టి జొన్నపిండి తడిపేది. వచ్చినవాళ్ల కడుపు నిండగానే పొగ వాళ్లను విడిచి ఇంకొకరి కోసం బయల్దేరేది. ముసలి బీరన్నకు కళ్లు కనపడవు. మధ్యాహ్నం గొర్రెల మంద దగ్గర్నుంచి ఆ పొగ వాసన పట్టుకొనే రొట్టెకు వచ్చేవాడు.

యాభై ఎనిమిదో సంవత్సరం, చలికాలం. ఒకనాటి ఉదయం పొగ తాండూరు దిక్కు పోయింది గానీ నిదానంగా పోలేదు, ఉరికింది. ఎవరో మస్తు ఆకలి మీద ఉన్నారనుకొని చంద్రవ్వ పిండి ఎక్కువ తీసింది. కాసేపటికి దుమ్ము కొట్టుకున్న జీపు వచ్చి ఆగింది.

దాన్ని నడుపుతున్నది మత్తయ్య. వికారాబాదువాడే. ఇంగ్లీషు నేర్చి బొంబాయిలో డ్రైవరుగా కుదిరాడు. పక్కన కూర్చున్నావిడ యోహన్నా. హాలెండు దేశస్థురాలు, ఇరవై ఎనిమిదేళ్లుంటాయి. ఊరూరా ఏమి తింటారో చూసి తమ దేశపు పత్రికకు రాస్తుంది. బొంబాయి నుంచి మద్రాసుదాకా జీపు మీద పోతోంది. అంతకుముందు ఎనిమిది దేశాలు అట్లాగే తిరిగింది. ఏ ఊళ్లోనూ రెండో పూట తినలేదు.

"అక్కా, జర జల్ది పెట్టు. పొద్దుగూకేలోపు హైదరాబాద్ చేరాలంటది మా మేడం," అన్నాడు మత్తయ్య.

యోహన్నా కూర్చోలేదు. కొట్టం చుట్టూ తిరుగుతూ, రొట్టె తట్టడం చూస్తూ నోట్‌బుక్కులో రాసుకుంది: "షోలాపూర్‌లో పల్లీల కారం చెవులదాకా మండింది. గుల్బర్గాలో పెరుగు చల్లగా, తియ్యగా ఉంది. ఇక్కడి రొట్టె నోటికంటే ముందు చెవికి అందుతుంది. చెయ్యి పిండిమీద పడుతున్న చప్పుడుకే నోరూరింది. పప్పుకు వాన పడిన రాతి వాసన ఉంది."

మూడు రొట్టెలు తిన్నది. కందిపప్పు రెండుసార్లు పోయించుకుంది. చెయ్యి కడుక్కొని జీపెక్కింది. పొగ మాత్రం ఆమెను విడవలేదు.

చంద్రవ్వ రోడ్డు మీదికి వచ్చి నిలబడింది. "తమ్మీ, ఆమెకింక నిండలే. ఇంకో రొట్టె తినిపో అను."

మత్తయ్య అడిగాడు. యోహన్నా విసుగ్గా గడియారం చూపించింది. జీపు కదిలింది. పొగ దాని వెనకే దారంలా సాగుతూ ధారూర్ దిక్కు పోయింది.

ఆ తర్వాత చంద్రవ్వ ఎన్ని కట్టెలు పెట్టినా, వచ్చిన పొగ వచ్చినట్టే తూర్పుకు పోయింది. గనుల కూలీలకు ఎదురుపోలేదు. వాళ్లు చద్ది తిని సరిపెట్టుకున్నారు. మర్నాడు మధ్యాహ్నం బీరన్న రాలేదు. వెతికితే, తొవ్వ తప్పి బంట్వారం దిక్కు చెలకలో సొమ్మసిల్లి దొరికాడు. చంద్రవ్వ అతని నోట్లో గంజి పోసి, కూలీ ఆడమనిషి శాంతవ్వను పక్కన కూర్చోబెట్టింది. పొయ్యిలో మొద్దు కట్టె పెట్టి, "ఇది ఆరకుండ చూడు," అని చెప్పి, కొంగులో జొన్నపిండి మూటకట్టుకొని, వికారాబాద్ పోయే అంజిలయ్య బస్సెక్కింది.

"యాడికి చంద్రవ్వా?" అన్నాడు అంజిలయ్య.

"గా పొగ యాడిదాక పోతే గాడికి."

అంజిలయ్య సరేనని పొగ పక్కనే బస్సు నడిపాడు. పొగ ధారూర్ స్టేషన్ దాటింది, రైలుపట్టాలు దాటింది, వికారాబాద్ బజారులో సీతాఫలాల గంపల మధ్యనుంచి పోయి, ఒక పెంకుటింటి వాకిట్లో దూరింది. అది మత్తయ్య ఇల్లు. వాకిట్లో జీపు నిలబడి ఉంది. నిన్న ఊళ్లోకి రాగానే పొగ ఇంజనులో నిండి బండి ఆగిపోయిందట.

మత్తయ్య భార్య సత్యమ్మ ఎదురొచ్చింది. "రా అక్కా. మంచిగొచ్చినవు. నిన్నటిసంది వండుతనే ఉన్న. పచ్చిపులుసు చేసిన, సర్వపిండి చేసిన, కోడికూర చేసిన. ఈమె అన్నీ తింటది, రాసుకుంటది, మళ్ల లేచి వాకిట్ల తిరుగుతది. ఒక్కతాన నిలవడదు."

యోహన్నా అప్పుడు కూడా తిరుగుతూనే ఉంది. జీపు దగ్గర్నుంచి గోడదాకా, గోడ దగ్గర్నుంచి జీపుదాకా. పొగ ఆమెతోబాటే కదులుతోంది. చంద్రవ్వ అరుగు మీద కూర్చొని చాలాసేపు చూసింది. పొగ ఆమెను చుట్టుకోలేదు. ఆమెకు ఎడమపక్కన, కిందికి, ఆమె నడుమెత్తున ఆగి గుండ్రంగా తిరుగుతోంది.

"తమ్మీ, ఆకలి ఈమెది కాదు," అంది చంద్రవ్వ. "ఈమె పక్కపొంటి ఎవరో చిన్నపిల్లగాడు నడుస్తున్నడు. ఎవరో అడుగు."

మత్తయ్య ఇంగ్లీషులో చెప్పాడు. యోహన్నా నిలబడిపోయింది. ఎడమపక్కకు చూసింది. అరుగు మీద కూలబడింది. ఆమె చెబుతుంటే మత్తయ్య తెలుగులో చెబుతూ పోయాడు.

"తమ్ముడట. పీతర్. మన పేతురు పేరే. పెద్ద యుద్ధం ఆఖరి చలికాలంల వాళ్ల ఊర్ల తిండి దొరకలేదట. పూలచెట్ల గడ్డలు ఉడకవెట్టుకొని తిన్నరట. ఈమెకు పద్నాలుగేండ్లు, ఆ పిల్లగానికి ఆరు. జరంతోని పండుకొని ఉంటే, లేచినంక తింటడని అమ్మ వాని రొట్టెముక్క దిండు కింద పెట్టిందట. ఈమె ఒక్కసారి కొరుకుదమని తీసిందట. మొత్తం తినేసిందట. పిల్లగాడు లేచి దిండు కింద తడుముకున్నడట. అక్కను ఏమీ అడగలేదట. నాలుగోనాడు పోయిండట."

"తల్లికి ఎరుకేనా?"

"ఎవ్వరికీ చెప్పలేదట. ఇదే మొదలు చెప్పుడు."

సత్యమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చంద్రవ్వ లేచి కొంగుమూట విప్పింది. సత్యమ్మ పొయ్యి మీద అరచేతంత చిన్న రొట్టె చేసింది. వేడి మీదనే ముక్కలు చేసి, బెల్లం వేసి, నెయ్యి పోసి, వేళ్లతో నలిపి మలీద చేసింది. గిన్నె తెచ్చి యోహన్నా చేతిలో పెట్టింది.

"నేను పెడితే తినడు. నీ చేత్తోని పెట్టు బిడ్డా."

మత్తయ్య ఆ మాటను ఇంగ్లీషులోకి మార్చే అవసరం రాలేదు. యోహన్నా చిన్న ముద్ద చేసి ఎడమపక్కకు చాచింది. ఏదో వాళ్ల భాషలో నెమ్మదిగా అంది. ఇంకో ముద్ద చేసింది. ఇంకొకటి. తొందరపెట్టలేదు, ఒక్కో ముద్దకు ఆగి ఆగి పెట్టింది. గిన్నె ఖాళీ అయింది. సత్యమ్మ దాన్ని తీసుకుపోయి కడిగింది.

పొగ ఆమె పక్కనుంచి, జీపు ఇంజనులోంచి లేచింది. వాకిలి దాటి, వచ్చిన తొవ్వనే మళ్లింది.

"నేను పోత. మావోళ్లకు ఆకలైతుంటది," అని చంద్రవ్వ బస్సు కోసం నడిచింది.

యోహన్నా ఆ అరుగు మీదనే ఒరిగి నిద్రపోయింది. తెల్లారి లేచి మొహం కడుక్కొని, మత్తయ్యను జీపు బొంబాయి వైపు తిప్పమంది.

"మద్రాసు మేడం?"

"వద్దు. మా అమ్మ దగ్గరికి పోవాలి."

ఎండాకాలం మొదట్లో మత్తయ్యకు హాలెండు నుంచి ఉత్తరం వచ్చింది. దాన్ని పట్టుకొని చంద్రవ్వ దగ్గరికి పోయాడు. కొట్టంలో బీరన్న రొట్టె తింటున్నాడు. చంద్రవ్వ పెనం దించి, చేతులు తుడుచుకొని కూర్చుంది.

"తల్లికి చెప్పిందటనా?"

"చెప్పిందట. తల్లి ఏమన్నదో రాసింది, విను." మత్తయ్య కాగితం దగ్గరికి పెట్టుకొని ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివాడు. "ఆ రొట్టెముక్క దిండు కింద పెట్టేముందు సగం నేనే కొరుక్కుతిన్న. నువ్వు తిన్నది మిగిలిన సగం. నీ మొహం చూసే ధైర్యం లేకనే, నువ్వు దేశాలు పట్టుకొని తిరుగుతుంటే ఇన్నేండ్లు వద్దనలేదు బిడ్డా."

చంద్రవ్వ కళ్లు తుడుచుకుంది. బీరన్న నమలడం ఆపాడు.

"ఇంకేం రాసింది తమ్మీ?"

"పత్రిక పని ఇడిసిపెట్టిందట. ఇగ అమ్మతోనే ఉంటదట." మత్తయ్య ఉత్తరం తిప్పి కిందున్న చివరి వరుస చదివాడు. "అమ్మకు చెప్పినరోజు ఇద్దరం ఒకే రొట్టె తెంపుకొని తిన్నం. ఎవరికి ఎంతొచ్చిందో చూసుకోలేదు."